అయిదు మీద చుక్క

మా మావయ్య విజయవాడలో ఒక బ్యాంకులో ముప్ఫయ్యేళ్లకి పైగా టెలిఫోన్ ఆపరేటరుగా చేశాడు. ఆయనకి చూపు లేదు. చిన్నప్పుడు వేసవి సెలవలకి వాళ్లింటికి వెళ్తే ఒక్కోరోజు నన్నూ బ్యాంకుకి తీసుకెళ్లేవాడు. కిటికీ లేని చిన్న గది, నెత్తి మీద కీచుమనే ఫ్యాను, బల్ల మీద ఫోన్ల బోర్డు. ఫోన్ మోగడం ఆలస్యం, ఆయన వేళ్లు బోర్డు మీద పరిగెత్తేవి. ఏ సెక్షన్ కావాలో అవతలివాళ్లు పూర్తిగా చెప్పేలోపే లైను కలిసిపోయేది.

"చూడకుండా ఎలా తెలుస్తుంది మావయ్యా?" అని అడిగాను ఒకసారి. ఆయన నా చూపుడువేలు పట్టుకుని అయిదు అంకె మీద పెట్టాడు. బియ్యపు నూకంత చుక్క తగిలింది. "ఇది దొరికితే చాలురా అల్లుడూ. మిగతావన్నీ దీని చుట్టాలే" అన్నాడు.

ఈసారి ఏటీఎంకి వెళ్లినప్పుడు మీరూ అయిదు మీద వేలు పెట్టి చూడండి. చుక్కో, చిన్న గీతో తగులుతుంది. చూపున్నవాళ్లకి అది కనిపించినా కనిపించనట్టే. మాకు మాత్రం అది ఊరి నడిబొడ్డున ఉండే రావిచెట్టు లాంటిది. అక్కణ్నుంచి ఎటు వెళ్లాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

'మాకు' అన్నాను కదా. మావయ్యకి వచ్చిన జబ్బే నాకూ వచ్చింది. రెటినైటిస్ పిగ్మెంటోసా. మా ఇంట్లో అది అమ్మ వైపు నుంచి మగపిల్లలకి దిగింది. ముందు రేచీకటి, తర్వాత పక్కచూపు పోవడం, ఇంజనీరింగ్ మూడో ఏడుకి బోర్డు మీద అక్షరాలు పోవడం, ఇరవై నాలుగో ఏటికి అంతా పోవడం. ఇప్పుడు నాకు ముప్ఫై ఆరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడ్ రాస్తాను, పుస్తకాలు వింటాను, విన్నవాటి గురించి అప్పుడప్పుడు రాస్తాను. ఈసారి మాత్రం పుస్తకం గురించి కాదు. ఆ చుక్క ఎటు పోయిందో, దాని చోట్లోకి ఏమేం వచ్చాయో చెప్పాలని ఉంది.

* * *

బటన్ల ఫోన్ మొదటిసారి మామూలు జనం చేతికి వచ్చింది 1963 నవంబరు 18న, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రెండు చిన్న ఊళ్లలో. అంతకుముందు బెల్ ల్యాబ్స్‌లో దాని మీద చాలా కసరత్తు జరిగింది. అంకెల్ని గుండ్రంగా, రెండు అడ్డవరసల్లో, ఇంకా రకరకాలుగా పేర్చి మనుషుల చేత నొక్కించి చూశారు. ఎంతసేపు పడుతోంది, ఎన్ని తప్పులు వస్తున్నాయి, ఏది నచ్చింది అని లెక్కలు కట్టారు. చివరికి మూడేసి అంకెల మూడు వరసలు, వాటి కింద సున్నా మిగిలాయి. స్టార్, హ్యాష్ తర్వాత 1968లో వచ్చి చేరాయి. ఆ పేర్పు ఇప్పటికీ మారలేదు. మావయ్య బ్యాంకులో బోర్డులు మారాయి, కంపెనీలు మారాయి. ఏ కొత్త బోర్డు ముందు కూర్చున్నా ఆయనకి పట్టేది ఒక్క నిమిషం. అయిదు ఎక్కడుందో చూసుకోవడానికి.

వేలికి ఏం కావాలో కన్ను నిర్ణయిస్తే ఏమవుతుందో అంతకు చాలా ముందే ఒకసారి తేలింది. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో వాలెంతాన్ ఆవీ అనే ఆయన చూపులేని పిల్లల కోసం బడి పెట్టాడు. మామూలు రోమన్ అక్షరాల్నే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తించాడు. గొప్ప పనే. కానీ ఆ అక్షరాలు కంటికి అందంగా ఉండేవి, వేలికి ఒక్కో అక్షరం ఒక్కో చిక్కుముడిలా ఉండేది. ఆ బడిలోనే చదువుకున్న లూయీ బ్రెయిల్, షార్ల్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన పన్నెండు చుక్కల పద్ధతిని తీసుకుని, దాన్ని ఆరు చుక్కలకి కుదించాడు. వేలికొన కింద ఒకేసారి పట్టేవి అన్నే అని అతని వేలికి తెలుసు. 1829లో ఆ పద్ధతిని అచ్చువేశాడు. ఫ్రాన్స్ దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. అప్పటికి బ్రెయిల్ చనిపోయి రెండేళ్లు.

* * *

మా తరం చూపులేనివాళ్లకి మొదటి భయం ఫోన్‌తో మొదలవలేదు. కంప్యూటర్‌లోకి బొమ్మలు రావడంతో మొదలైంది.

డాస్ రోజుల్లో తెరంతా అక్షరాలే. ఐబీఎంలో జిమ్ థాచర్ 1986లో చేసిన ప్రోగ్రాము తెర మీది వరసల్ని చదివి వినిపించేది. 'స్క్రీన్ రీడర్' అన్న మాట ఆ ప్రోగ్రాము పేరే, తర్వాత ఆ జాతి మొత్తానికీ పేరైంది. 1989లో టెడ్ హెంటర్ తెచ్చిన 'జాస్' కూడా మొదట డాస్ కోసమే. హెంటర్ ఒకప్పుడు మోటారుసైకిల్ పందేలు ఆడినవాడు, కారు ప్రమాదంలో చూపు పోయింది. ఇంతలో విండోస్ వచ్చింది. వరసలు పోయి బొమ్మలు వచ్చాయి, మౌస్ వచ్చింది. చూస్తూ గురిపెట్టేవాళ్ల పరికరం అది. ఉన్న ఉద్యోగాలు పోతాయనుకున్నారు చాలామంది. తెర మీద గీసే ప్రతిదాన్నీ వెనకాల పట్టుకుని, ఒక కనిపించని పట్టికలో రాసుకునే పద్ధతి కనిపెట్టాక గానీ ఊపిరి అందలేదు. 1995 జనవరిలో విండోస్‌కి జాస్ వచ్చింది.

ఆ పట్టిక సంగతి గుర్తుపెట్టుకోండి. బొమ్మని వరసగా మార్చడం అన్న ఆ ఉపాయమే తర్వాత ఫోన్లోనూ మమ్మల్ని ఆదుకుంది.

ఫోన్లకి వస్తే, నోకియా సింబియన్ ఫోన్ల మీద 'టాక్స్', 'మొబైల్ స్పీక్' అనే ప్రోగ్రాములు ఉండేవి. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా, ఇంకా కాస్త చూపు మిగిలి ఉన్నప్పుడు, మావయ్య ఫోన్లో అలాంటిదొకటి ఎక్కించాను. అప్పటిదాకా ఎవరి ఫోన్ వచ్చిందో ఎత్తితేగానీ తెలియని మనిషికి పేరు వినిపించడం మొదలైంది. తెలుగు పేర్లని ఆ ఇంగ్లీషు గొంతు ముక్కలు చేసేది. "ఎవడ్రా ఈ 'సుబ్బా రావో'?" అని పగలబడి నవ్వేవాడు. నవ్వుతూనే వారం రోజుల్లో మెసేజులు టైపు చేయడం నేర్చేసుకున్నాడు. ఏ అంకె కింద ఏ అక్షరాలుంటాయో వేళ్లకి తెలిస్తే చాలు. చుక్క ఎలాగూ ఉంది.

* * *

2007 జూన్ 29న ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. ముందువైపు ఒకే ఒక్క బటన్, మిగతాదంతా గాజు.

గాజు పలక మీద వేలితో ఊహించుకోండి. అంచులు తప్ప ఏమీ తగలదు. పైగా ఇంకో సమస్య ఉంది, అది అసలైనది. బటన్ల ఫోన్లో వెతకడం వేరు, నొక్కడం వేరు. తడుముతూ వెళ్లి అయిదు దగ్గర ఆగి, అప్పుడు నొక్కుతాం. గాజు మీద తడమడమే నొక్కడం. వెతుకుతుంటే ఎవరికో ఫోన్ వెళ్లిపోతుంది. చీకటి గదిలో స్విచ్ కోసం గోడ తడుముతుంటే, చేయి తగిలిన స్విచ్చల్లా వెలిగిపోతే ఎలా ఉంటుంది?

దీనికి మూడుచోట్ల జవాబు వెతికారు, ఇంచుమించు ఒకే కాలంలో.

ఒకటి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో. షాన్ కేన్, జెఫ్రీ బిగమ్, జేకబ్ వాబ్రాక్ 2008లో 'స్లైడ్ రూల్' అనే నమూనా చూపించారు. వేలు జరుపుతూ ఉంటే కింద ఉన్నదాని పేరు వినిపిస్తుంది. కావలసింది దొరికాక, ఆ వేలు అక్కడే ఉంచి రెండో వేలితో తడితే అది తెరుచుకుంటుంది. చూపులేని పదిమందికి ఇచ్చి, బటన్లున్న పరికరంతో పోల్చి చూశారు. గాజు మీద పని వేగంగా అయింది. తప్పులు ఎక్కువ వచ్చాయి. అయినా పదిమందిలో ఏడుగురు గాజే కావాలన్నారు. బటన్లు పోతే చూపులేనివాళ్ల పని అయిపోతుంది అనుకుంటున్న రోజుల్లో వచ్చిన ఫలితం అది.

రెండోది ఆపిల్‌లో. 2009 జూన్‌లో ఐఫోన్ 3జీఎస్‌తో పాటు వాయిస్‌ఓవర్ వచ్చింది, విడిగా కొనక్కర్లేకుండా ఫోన్లోనే. వెతకడాన్నీ నొక్కడాన్నీ అదీ విడదీసింది. ఒకసారి తాకితే 'ఇది ఏమిటి' అని అడిగినట్టు. రెండుసార్లు తడితే 'తెరువు' అన్నట్టు. ఆ రెండుసార్లు తట్టడం తెర మీద ఎక్కడైనా తట్టొచ్చు, దాని మీదే తట్టాలని లేదు. వేలితో కుడికి విసిరితే తర్వాతది, ఎడమకి విసిరితే ముందుది. అంటే బొమ్మ మళ్లీ వరస అయింది. జపమాలలో పూసల్లాగా ఒకదాని తర్వాత ఒకటి. పూస ఎక్కడుందో తెలియక్కర్లేదు, ఎన్నోదో తెలిస్తే చాలు.

మూడోది గూగుల్లో. టి.వి. రామన్ పుణేలో పుట్టాడు, పద్నాలుగో ఏట గ్లాకోమాతో చూపు పోయింది, ఐఐటీ బొంబాయిలో చదివి 1994లో కోర్నెల్‌లో పీహెచ్‌డీ చేశాడు. ఆయన, చార్లెస్ చెన్ కలిసి ఆండ్రాయిడ్ కోసం ఒక డయలర్ చేశారు. అందులో అంకెలకి తెర మీద స్థిరమైన చోటంటూ లేదు. నీ వేలు ముందుగా ఎక్కడ ఆనితే అదే అయిదు. అక్కణ్నుంచి పైకి ఎడమవైపుకి జరిపితే ఒకటి, కిందికి జరిపితే ఎనిమిది. వేలు ఎత్తితే అంకె పడుతుంది. తప్పు పడితే ఫోన్ని ఒకసారి ఊపితే చెరిగిపోతుంది.

దీని గురించి మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు వేరే ఏ పనీ చేయలేకపోయాను. మా మావయ్య ముప్ఫయ్యేళ్లు అయిదుని వెతుక్కుంటూ వెళ్లాడు. ఇక్కడ అయిదే వెతుక్కుంటూ వేలి కిందికి వచ్చింది. చుక్క ఎక్కడుంది అని అడగడం మాని, వేలు ఎక్కడుంది అని అడిగారు. చూపు లేనివాడు కాబట్టే ఆ ప్రశ్న అలా తిరగేసి ఉంటాడని నా నమ్మకం. ఆ ఆలోచన తర్వాత ఇంకోచోటా కనిపిస్తుంది. 2014 నుంచి ఐఫోన్‌లో, 2020 నుంచి ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్‌లో తెర మీదే బ్రెయిల్ టైపు చేయొచ్చు. ఐఫోన్‌లో ముందుగా వేళ్లు ఆనించి చూపిస్తే, ఆ చోట్లనే ఆరు చుక్కలుగా తీసుకుంటుంది. నా అరచెయ్యి పెద్దదా చిన్నదా అన్నది ఫోనే నేర్చుకుంటుంది.

* * *

ఇంతవరకు కథ బాగుంది. చిక్కు తర్వాత మొదలైంది.

ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ 2009లోనే వచ్చినా, మొదట్లో దాన్ని వాడాలంటే బాణం మీటలో, ట్రాక్‌బాలో ఉన్న ఫోన్ కావాలి. తాకుతూ వెతికే సదుపాయం 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చింది, విసురుతూ వరసగా వెళ్లడం 2012లో 4.1తో. అదే కాలంలో అడుగున ఉండే వెనక్కి, హోమ్ మీటలు ఫోన్ ఒంటి మీంచి గాజులోకి కరిగిపోయాయి. వాటికి బదులు మాకు కొన్ని మలుపు సైగలు ఉన్నాయి. వేలు పైకి లాగి వెంటనే ఎడమకి తిప్పితే హోమ్. కిందికి లాగి ఎడమకి తిప్పితే వెనక్కి. పలక మీద గుణింతం దిద్దుతున్నట్టే ఉంటుంది. కానీ ఆగకుండా, ఒక్క ఊపులో దిద్దాలి. నెమ్మదిగా లాగితే వెతుకుతున్నావనుకుని దారిలో ఉన్నవన్నీ చదవడం మొదలెడుతుంది. ఇరవైల్లో ఉన్న చేతికి అది సమస్య కాదు. అరవై దాటిన చేతికి సమస్యే.

2019లో ఆండ్రాయిడ్ 10 అడుగు మీటల బదులు అంచుల మీంచి లాగే పద్ధతిని కూడా తెచ్చింది. ఒక వేలి సైగలు టాక్‌బ్యాక్ సొంతం కాబట్టి, మేం అవే సైగల్ని రెండు వేళ్లతో చేయాలి. 2021లో మూడు, నాలుగు వేళ్ల సైగలు కూడా చేరాయి. పక్కన కూర్చున్న కొలీగ్‌ని "ఇదెలా చేస్తావ్?" అని అడిగితే అతను చెప్పేది నాకు పనికిరాదు. మా ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే ఫోన్, దానితో మాట్లాడే భాషలు వేరు.

ఐఫోన్ వైపు కథ ఒక్క బటన్ చుట్టూ తిరిగింది. హోమ్ బటన్ అంటే అందరికీ బయటికి వచ్చే దారి. మాకు అంతకంటే ఎక్కువ. చేతిలో ఫోన్ తలకిందులుగా ఉందో లేదో చెప్పేది అదే. మూడుసార్లు నొక్కితే వాయిస్‌ఓవర్ని మేల్కొలిపేదీ అదే. మాకది గాజు మీద మిగిలిన చివరి చుక్క. నిజానికి అది 2016లోనే సగం చచ్చిపోయింది. ఐఫోన్ 7లో అది కదలని బటన్. నొక్కినట్టు అనిపించేదంతా లోపలి మోటారు వణుకు. 2017 నవంబరులో ఐఫోన్ 10తో ఆ మిగిలిన సగమూ పోయింది. దాని బదులు మాకు ఇచ్చింది ఇది: అడుగు అంచు నుంచి ఒక వేలు పైకి జరుపుతూ పోవాలి, ఒక వణుకు తగలగానే వదిలితే హోమ్, ఇంకా పైకి వెళ్లి రెండో వణుకు దగ్గర వదిలితే తెరిచి ఉన్న యాప్‌ల వరస. వాయిస్‌ఓవర్ని లేపడానికి పక్క బటన్‌ని మూడుసార్లు నొక్కాలి. ముఖం చూసి తాళం తీసే పద్ధతిలో ఫోన్ వైపు కళ్లు తిప్పాలన్న షరతు ఉంటుంది. మొదట ఫోన్ సిద్ధం చేసేటప్పుడు వాయిస్‌ఓవర్ ఆన్‌లో ఉంటే ఆ షరతు దానంతటదే తొలగిపోతుంది. అక్కడ ఎవరో మా గురించి ఆలోచించారు. ఆ తర్వాత 2019లో సైగల్ని ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో హోమ్ బటన్ ఉన్న ఆఖరి ఐఫోన్‌ని అమ్మకాల నుంచి తీసేశారు.

ఆ వణుకు మంచి ఉపాయమే. చుక్కలాగే అదీ వేలితోనే మాట్లాడుతుంది. కానీ ఒక తేడా ఉంది. చుక్క నువ్వు ఏమీ చేయకముందే అక్కడ ఉంటుంది. వణుకు నువ్వు సరిగ్గా చేశాకే వస్తుంది. దారి తప్పినవాడికి చుక్క దారి చెబుతుంది. వణుకు అప్పటికే దారి తెలిసినవాడికి సరేనంటుంది.

* * *

ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు.

మావయ్య రిటైరయ్యాక టచ్ ఫోన్ కొనిపించాను. అడుగున మధ్యలో నొక్కే బటన్ ఉన్నది. నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. తర్వాత ఆయన్ని ఆపలేకపోయాం. పొద్దున్నే పేపరు తనే చదువుకునేవాడు. 2020లో రిజర్వ్ బ్యాంక్ నోట్లు గుర్తుపట్టే 'మణి' యాప్ తెస్తే, అత్తయ్య పోపులపెట్టెలో దాచిన నోట్లు కూడా లెక్కపెట్టి ఏడిపించాడు. పాత బటన్ల ఫోన్ మళ్లీ ఇస్తాను తీసుకుంటావా అంటే, "పిచ్చా నీకు?" అన్నాడు. కాబట్టి ఇది పాతరోజులే బాగున్నాయని చెప్పే వ్యాసం కాదు.

2021లో ఆ ఫోన్ కిందపడి పగిలింది. బావ బెంగళూరు నుంచి కొత్తది ఆర్డర్ పెట్టాడు. అందులో బటన్ లేదు. కరోనా రోజులు, నేను వెళ్లలేను. ఏ ఫోన్ వాడటం నేర్పాలో ఆ ఫోన్లోనే మాట్లాడుతూ నేర్పాలి. "అడుగు అంచు మీంచి పైకి జరుపు మావయ్యా." "అంచు అంటే ఎక్కడరా, కవర్ దగ్గరా, గాజు దగ్గరా?" నాకు చెప్పడం రాలేదు. నా వేలికి తెలుసు, నా నోటికి తెలియదు. సగం వచ్చింది, మిగతాది వచ్చేస్తుందిలే అనుకున్నాను.

ఒక రాత్రి ఆయన పాత పాటలు వింటున్నాడు. లోపలి గదిలో అత్తయ్యకి ఆయాసం మొదలైంది. ఎవరికైనా ఫోన్ చేద్దామని పాటల యాప్ లోంచి బయటికి రావాలని చూశాడు. వేలు అంచుకి అర అంగుళం పైన మొదలైతే ఫోన్ దాన్ని వేరే సైగ అనుకుంటుంది. పాట పేరు చదివింది. మళ్లీ చేశాడు, కింది పాట పేరు చదివింది. ఎన్నిసార్లు చేశాడో ఆయనకే తెలియదు. చివరికి ఫోన్ మంచం మీద పడేసి, తలుపు తీసుకుని, వరండాలోకి వెళ్లి ఎదురింటివాళ్లని కేకేశాడు. వాళ్లు వచ్చి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు. అత్తయ్యకి తగ్గింది.

నాకీ సంగతి నాలుగు రోజుల తర్వాత, వేరే ఏదో మాట్లాడుతూ చెప్పాడు. నన్ను తప్పుపట్టలేదు. "చెయ్యి మర్చిపోలేదురా. వేలు సరిగ్గా పాత చోటికే వెళ్లింది. అక్కడ ఏమీ లేదు" అన్నాడు.

* * *

ఇక్కడితో ఆపేస్తే బటన్లు తీసేసినవాళ్ల మీద కోపంగా ముగించొచ్చు. నాకా హక్కు పూర్తిగా లేదు.

అది జరిగిన ఏడాదికి, నేను పనిచేస్తున్న చోట ఒక యాప్‌ని కొత్తగా తీర్చిదిద్దారు. తెర 'శుభ్రంగా' కనిపించాలని పైన ఎడమవైపు ఉండే వెనక్కి బాణం తీసేశారు. అంచు మీంచి లాగితే వెనక్కి వెళ్తుంది, అందరికీ తెలిసిన సైగే కదా అన్నారు. టీములో చూపు లేనివాణ్ని నేనొక్కణ్నే. "నువ్వు చూశావుగా, ఓకేనా?" అని అడిగారు. వాయిస్‌ఓవర్లో రెండు వేళ్లతో గబగబా అటూ ఇటూ గీస్తే వెనక్కి వెళ్తుంది. నాకది తెలుసు. గీసి చూశాను, వెళ్లింది. ఓకే అన్నాను.

రెండు నెలలకి ఒక మెయిల్ వచ్చింది. ఎవరో అమ్మాయి రాసింది. వాళ్ల నాన్నగారికి చూపు లేదట, మా యాప్‌లోకి వెళ్లాక బయటికి రాలేకపోతున్నారట. అంతే, రెండు వాక్యాలు. నా స్క్రీన్ రీడర్ దాన్ని ఎప్పటిలాగే ఏ భావమూ లేని గొంతుతో చదివింది. మళ్లీ చదివించుకున్నాను. ఆ బాణం తిరిగి పెట్టడానికి నాకు పట్టింది ఒక పూట.

డిజైన్ చేసే గదిలో చూపు లేనివాళ్లు ఒకరుంటే చాలు, ఇలాంటివి జరగవు అని నేను చాలా మీటింగుల్లో చెప్పేవాణ్ని. ఆ గదిలో నేనున్నాను. మావయ్య వరండాలోకి వెళ్లి కేకేసిన సంగతి తెలిసి మరీ ఉన్నాను. అయినా నాకు తట్టలేదు. ఎందుకంటే నేను మారిన ప్రతి సైగనీ వారంలో పట్టేసే రకం, అది నా ఉద్యోగం. నా చేతికి సులువైతే అందరికీ సులువే అనుకున్నాను. ఆవీ కన్నుతో నిర్ణయించాడు. నేను నా వేలితో నిర్ణయించాను. రెండూ ఒక రకం పొరపాట్లే. గదిలో ఉండాల్సింది నేను కాదు, మావయ్య. లేదా ఆ మెయిల్ రాసిన అమ్మాయి వాళ్ల నాన్న.

2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బ్యాంకు ఖాతాకో సిమ్‌కో ఫోన్లో కేవైసీ చేసేటప్పుడు తెర ముందు కళ్లు ఆర్పమంటారు, తల తిప్పమంటారు. యాసిడ్ దాడుల్లో కనురెప్పలు పోయినవాళ్లు, చూపులేనివాళ్లు అది చేయలేకపోతున్నామని కోర్టుకి వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు అంది. కళ్లు ఆర్పడం కూడా ఒక సైగే. ఏ సైగ అందరికీ వచ్చని ఎవరు అనుకున్నారో, ఆ అనుకోవడం దగ్గరే తలుపు మూసుకుంటుంది. ఆ తీర్పు విన్నప్పుడు నాకు పెద్ద పెద్ద సంస్థలు గుర్తు రాలేదు. 'ఓకే' అన్న నా గొంతే గుర్తొచ్చింది.

ఇప్పుడు మా టీములో కొత్త తెర ఏది వచ్చినా బయటికి పంపే ముందు నలుగురైదుగురు పెద్దవాళ్ల చేతికి ఇస్తాం. అందులో మావయ్య ఒకడు. నెమ్మదిగా చేస్తాడు, చాలా ప్రశ్నలు వేస్తాడు, మా డెడ్‌లైన్లు ఆయనకి అక్కర్లేదు. ఆయన ఎక్కడ ఆగిపోతాడో అక్కడ మేమూ ఆగుతాం.

ఆయన ఫోన్ సమస్య మాత్రం నేను తీర్చలేదు. అత్తయ్య తీర్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి, తన రాళ్ల బొట్టుబిళ్ల ఒకటి తీసి ఫోన్ కవర్ కింది అంచుకి సరిగ్గా మధ్యలో అంటించింది. వేలు ముందు దాని మీద ఆనించి, అక్కణ్నుంచి పైకి జరిపితే ప్రతిసారీ హోమ్ వస్తుంది. అంచు అంటే కవర్ దగ్గరా, గాజు దగ్గరా అన్న ప్రశ్నకి నేను ఫోన్లో గంటసేపు చెప్పలేని జవాబు అది. రాయి ఊడిపోయినప్పుడల్లా కొత్తది అంటిస్తుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మావయ్య నా ఫోన్ అడిగి తీసుకుని, అడుగు అంచు తడిమి చూశాడు. నున్నగా ఉంది. "నీ అయిదు ఏదిరా?" అన్నాడు. అత్తయ్య లోపల్నుంచి బొట్టుబిళ్లల అట్ట పట్టుకొచ్చింది.